గున్నమ్మ పిన్ని రెండుసార్లు చదివింది

గున్నమ్మ పిన్ని నాకు చుట్టం కాదు. మా వీధిలో అందరూ పిన్ని అంటారు కాబట్టి నేనూ అనేదాన్ని. ఆమె పుట్టిల్లు కళింగపట్నం. పదహారేళ్లకు చీపురుపల్లి పక్కనున్న మా ఊరికి కోడలుగా వచ్చింది. సముద్రం లేని ఊళ్లో ఏ పని చెయ్యాలో మొదట తెలియలేదట. తరవాత అన్నీ చేసింది. నాట్లు, కోతలు, ఇటుకల బట్టీ, చివరికి చీపురుపల్లిలో ఆడపిల్లల హాస్టల్లో గిన్నెలు తోమడం. ఆ పని వాళ్లు రమ్మంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. 2013లో వార్డెనమ్మ పిలిచి, వంటగదికి ఒకరిని ఖాయంగా పెట్టుకుంటామని చెప్పింది. కానీ సరుకుల మీద పేర్లు చదవడం రావాలి, వయోజన విద్య పరీక్ష పాసైన కాగితం తేవాలి.

అందుకని నలభై తొమ్మిదేళ్ల వయసులో గున్నమ్మ పిన్ని పలక పట్టుకుని మా చర్చి వరండాలోకి వచ్చింది.

అక్కడ మధ్యాహ్నాలు చదువు చెప్పేది నేను. మా అమ్మకు జబ్బు చేసినప్పుడు తొమ్మిదో తరగతి మధ్యలో మానేశాను. నలుగురిలో మాట్లాడమంటే నాకు గొంతు రాదు. వచ్చేవాళ్లంతా తెలిసిన ఆడవాళ్లే కదా అని ఒప్పుకున్నాను. రిటైరైన టీచరు ధర్మారావు మాస్టారు వారానికోసారి వచ్చి చూసి వెళ్లేవారు.

ఆరు నెలల్లో పిన్నికి అక్షరాలన్నీ వచ్చాయి. ఒకరోజు మాస్టారు పుస్తకం తెరిచి, "చెరువులో చేపలు చాలా ఉన్నాయి" అన్న వాక్యం మీద వేలు పెట్టారు. పిన్ని టకటకా చదివింది.

"సెరువులో సేపలు సేనా ఉన్నాయి."

"ఆగు. ఇదేం అక్షరం?"

"చా."

"మరి సేనా అంటావేం? సేపలంటావేం?"

"సేపల్ని సేపలనక ఏటంటారు బాబూ? మీ ఇంటికాడ తింతారే, అయ్యేటి మరి?"

"తినేటప్పుడు సేపలే. చదివేటప్పుడు చేపలు. చదువంటే అదే!" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. పిన్నీ నవ్వింది.

వెళ్తూ నాతో ఆయన నెమ్మదిగా అన్నారు. "అక్షరాలు చూడ్డం లేదమ్మా షాలినీ. బొమ్మ చూసి ఊహించి చెబుతోంది. పరీక్షలో దొరికిపోతుంది. వేలు పెట్టించి ఒక్కో అక్షరం పలికించు."

ఆయన ముప్పై ఏళ్లు చదువు చెప్పినాయన. నమ్మాను. అయినా మనసులో ఏదో తేలలేదు. బొమ్మలో చేపలున్నాయి, నిజమే. కానీ పుస్తకంలో "చాలా" అన్న చోటే ఆమె నోట్లో "సేనా" వచ్చింది. చూడకపోతే సరిగ్గా అక్కడే ఎలా వచ్చింది? మర్నాడు బొమ్మ లేకుండా పలక మీద నేనే రాశాను: "నీ చీరకు చిల్లు పడింది."

"నీ సీరకి సిల్లడ్డాది," అని చదివి, పిన్ని గభాలున లేచి చెంగు ముందుకు లాక్కుంది. "ఎక్కడే? ఓలమ్మ, కొత్త సీరే ఇది!"

నేను నవ్వలేకపోయాను. ఒక్క అక్షరం కూడా చూడని మనిషి చీర ఎందుకు వెతుక్కుంటుంది?

తరవాత వేలు పెట్టించాను. "చీ... ర... కు... చి... ల్లు..." ఒక్క తప్పు లేదు. పలక బోర్లించి అడిగాను, ఏం చదివావు పిన్నీ అని. పిన్ని నా మొహం చూసింది.

"ఏమో మరి. సీర గురించి కాబోలు. నువ్వు సెప్పినట్టు నోరు తిప్పుకునేసరికి ఎనకటి మాట ఎల్లిపోతంది."

తప్పుగా చదివితే తెలుస్తోంది. ఒప్పుగా చదివితే తెలియడం లేదు. ఇది ఎవరికి చెప్పుకోవాలో నాకు అర్థం కాలేదు. బడిలో నేను ఇంగ్లీషు పాఠం ఆగకుండా చదివేదాన్ని. టీచరు మెచ్చుకునేవారు. అందులో ఏముందో నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. మరి అప్పుడు నేను చదివినట్టా?

పరీక్షకు ఇంకా రెండు వారాలుంది. పరీక్ష పెట్టేవాళ్లకు వినపడేది నోరే కదా అనుకుని, మాస్టారి మాట పట్టుకున్నాను. రోజూ వేలు, రోజూ "చ". పిన్ని విసుక్కోలేదు. "నీ పేరు కూడా సాలిని కాదంటావేటి?" అని మాత్రం వెక్కిరించేది.

మార్చిలో ఒక ఆదివారం మా ఊరి బడిలో పరీక్ష జరిగింది. వచ్చిన అధికారి పేరు నరసింగరావు గారు. పిన్ని చేతిలో కాగితం పెట్టారు. నేను కిటికీ పక్కన నిలబడ్డాను. పిన్ని వేలు పెట్టి మొదలెట్టింది. "చి... న్న... మ్మ... చే... ప... ల... ను..." చిన్నమ్మ చేపలను కడిగి ఉప్పు చల్లింది, రెండు రోజులు ఎండలో పెట్టింది, తరవాత సంతలో అమ్మింది. అంతే పాఠం. ఒక్క తప్పు లేదు. ధర్మారావు మాస్టారు నా వైపు చూసి తలాడించారు.

"బాగుంది. చిన్నమ్మ చేపల్ని ఎన్ని రోజులు ఎండబెట్టింది?"

"సేపని బట్టి ఉంటాది బాబూ. నెత్తళ్లలాంటి సిన్న సేపలకి తొరగా అయిపోతాది. పెద్దయైతే నాలుగు రోజులు."

"నీకు తెలిసింది కాదమ్మా. ఈ కాగితంలో ఏముంది?"

పిన్ని కాగితం కేసి చూసింది. ఆమె వేలు ఇంకా చివరి అక్షరం మీదే ఉంది. హాస్టల్ పని పోయిందనుకున్నాను. పోగొట్టింది నేనే.

"బాబూ, నా నోటితో ఓపాలి సదువుకుంతాను," అంది పిన్ని.

ఆయన వాచీ చూసుకుని, సరే కానివ్వమన్నారు. పిన్ని వేలు తీసేసింది. "సిన్నమ్మ సేపల్ని కడిగీసి ఉప్పు జల్లినాది. రెండ్రోజులు ఎండలో ఎట్టినాది..." అని ఆగిపోయి తలెత్తింది. "రెండ్రోజులేటి! పురుగట్టిపోవా? ఎవులు రాసినారిది?"

నరసింగరావు గారు గట్టిగా నవ్వారు. కలం ఎత్తారు. రాయలేదు.

"మొదటిసారి తప్పు లేదు, అర్థం లేదు. రెండోసారి అర్థం ఉంది, చదివిన మాటలు ఇందులో లేవు. ఏ చదువుకి మార్కులెయ్యాలి?" అని మాస్టారిని అడిగారు. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. అప్పుడు నరసింగరావు గారు నా వైపు తిరిగారు. "చెప్పిన టీచరు నువ్వేనా?"

"మొదటిది నేను నేర్పిందండి," అన్నాను. ఆయనకు వినపడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. "మొదటిది నేను నేర్పిందండి. రెండోది ఆవిడ చదివిందండి."

ఆయన కాసేపు కాగితం కేసి చూశారు. చదవడం అన్న గడిలో మొదటిసారికి, ప్రశ్నలన్న గడిలో రెండోసారికి మార్కులు వేశారు. అలా వెయ్యొచ్చో లేదో ఆయనకే తెలిసినట్టు లేదు. బి గ్రేడు వచ్చింది. జూన్‌లో పిన్నికి పని ఖాయమైంది.

తరవాత నాకు అక్క వరసయ్యే లక్ష్మణమ్మ అప్ప చదువుకు వచ్చింది. ఈసారి తెలివొచ్చిందనుకుని మొదటి నుంచీ తన నోటితోనే చదవనిచ్చాను. చీమలు బారులు తీరాయని ఒక్క వాక్యం ఉంటే, అవి బెల్లం కుండలోకి దిగి పెళ్లి చేసుకున్నదాకా చదివేసింది.

"అప్పా, ఇందులో లేదు కదా."

"ఉంటే బాగుంతాది గదేటి."

ఆమె వేలు పట్టుకుని మళ్లీ అక్షరం మీద పెట్టాల్సి వచ్చింది. ఎవరికి వేలు పెట్టించాలో, ఎవరికి తీయించాలో నాకు ఇంకా తెలియదు. మొన్న గున్నమ్మ పిన్ని దారిలో కనబడితే ఆపి అడిగాను.

"పిన్నీ, చదువుతుంటే నీకు లోపల ఏమవుతుంది? అక్షరం ముందు కనబడుతుందా, మాట ముందు తెలుస్తుందా?"

పిన్ని చేతిసంచీ కింద పెట్టింది.

"నీకెలాగవుతాదో నువ్వు సెప్పు ముందు," అంది.