మంటల పిల్ల మా షెడ్డులోనే ఉంది

మా వదిన పోయిందన్న కబురు పొద్దున్నే మిర్చి షెడ్డుకొచ్చింది. అప్పటికే మేమంతా కాయ ముందేసుకుని కూర్చున్నాం. ఆమె పీట ఖాళీగా ఉంది. ఇంకా రాలేదేమిటని నేను సణుక్కుంటున్నాను. ఎందుకంటే ముందురోజు కథ మంచి పట్టులో ఉండగా ఆపేసి, మిగతాది రేపు చెబుతానని చీర దులుపుకుని చక్కా పోయింది. ఇంతలో మేస్త్రి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. తెల్లారుజామున గుండె ఆగిపోయిందట, ఆమె ఇక రాదు అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట వింటే మీరు నన్ను తిడతారు.

"మరి మంటల పిల్ల ఏమైపోవాలి?" అన్నాను.

ఆ మంటల పిల్ల ఎవరో, ఆ పిల్ల కోసం నేనెందుకంత కొట్టుకున్నానో చెబుతాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. గట్టి మాట వచ్చినచోటల్లా మెత్తన చెయ్యబోతోంది, వద్దన్నాను. వదిన పోయిన నలభయ్యో రోజు, ఫాతిహా చదివించి భోజనాలు పెట్టిన నాడు మా మేస్త్రి ఆమె మీద ఒక మాట వేశాడు. ఆ మాట అలా ఊళ్ళో తిరగడం నాకిష్టం లేదు. నా జవాబు కూడా తిరగాలి.

వదిన అంటే రక్తసంబంధం కాదు. మా ఎదురింటి సాయిబుల కోడలు. వరసలు మేమే కలుపుకున్నాం. నేను ఆమెని వదినా అంటే ఆమె నన్ను వదినా అనేది. పెనిమిటి చీమకుర్తి క్వారీలో పనిచేసినన్నాళ్ళూ ఆమె అక్కడే రొట్టెల బండి నడిపింది. ఉత్తరాది నుంచి రాళ్ళ పనికొచ్చిన కుర్రాళ్ళంతా ఆమె బండి దగ్గరే తినేవాళ్ళు. వాళ్ళకి రొట్టెలు కాలుస్తూ కాలుస్తూ హిందీ పట్టేసింది. పెనిమిటి పోయాక మా ఊరొచ్చి మా ముఠాలో చేరింది.

మా పని మిరపకాయకి తొడిమ తియ్యడం. చెప్పడానికి అంతే. కాయ కుప్ప చుట్టూ వరసగా కూర్చుంటాం. ఘాటు ఎక్కకుండా ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంటాం, కళ్ళొక్కటే బయటికి ఉంటాయి. ఆ కళ్ళు దురదపుడితే నలుపుకోవడానికి లేదు, చేతులనిండా కారం. సాయంత్రానికి అరచేతులు నిప్పులు పట్టుకున్నట్టు మండుతాయి. మజ్జిగలో ముంచినా ఆ మంట తెల్లారేదాకా పోదు.

అద్దంకిలో ఉండే కూతురు వదిన ఫోనులో ఒక బొమ్మల సీరియలు పెట్టిచ్చింది. జపానోళ్ళు తీసింది, మాటలు హిందీలో వస్తాయి. ఆమె రాత్రి చూసి పొద్దున్న షెడ్డులో మాకు తెలుగులో చెప్పడం మొదలెట్టింది. మొదటిరోజు నేనే అడ్డంపడ్డాను. చంటిపిల్లల బొమ్మలు మనకెందుకే, అత్తాకోడళ్ళ సీరియళ్ళు దొరకలేదా అని ఎత్తిపొడిచాను. ఆమె తొడిమ తుంచుతూనే, "పనికి మీ చేతులివ్వండి, నాకు చెవులివ్వండి. నచ్చకపోతే చెవులు వెనక్కి తీసుకోండి" అంది. నేను వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు నుంచి ఆమె పోయేదాకా ఆమె దగ్గరే ఉండిపోయాయి.

కథ వినండి. ఆకాశం మీంచి వేరే లోకం వాళ్ళు దిగుతారు. పైవాళ్ళు అనేది వదిన. వాళ్ళు అచ్చం మనుషుల్లాగే వేషం కట్టి ఊళ్ళో కలిసిపోతారు. లోకాన్ని లోపల్నుంచి తినెయ్యాలని వాళ్ళ ఎత్తు. ఇది కనిపెట్టింది ఎవరనుకున్నారు? పోలీసులు కాదు, మిలట్రీ కాదు. బళ్ళో చదువుకునే పిల్లలు. ఒక్కొక్కరికీ ఒక్కో శక్తి. ఒకడికి పది ఊళ్ళ అవతల గుసగుస కూడా వినబడుతుంది. ఒక పిల్ల గోడలో కలిసిపోతుంది. ఇంకో పిల్లకి అరచేతుల్లోంచి మంటలొస్తాయి. ఆ జపాను పేర్లు మా నోటికి తిరగవని వదినే పేర్లు పెట్టింది. చెవుల పిల్లోడు, గోడ పిల్ల, మంటల పిల్ల.

అరచేతుల్లో మంట అనగానే వరస మొత్తం చేతులాపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇది మన పిల్లేనే అంది పక్కనావిడ.

ఆ యుద్ధాలు ఆమె చెబితే వినాలి. కాయ కుప్ప పట్నమైపోయేది. పొడుగాటి కాయ ఒకటి తీసి పైవాళ్ళ ఓడ అని కుప్ప మీద తిప్పేది. తెల్లబారిన తాలుకాయలు పైవాళ్ళు. ఎర్రకాయలు పిల్లలు. మంటల పిల్ల మేడ మీంచి దూకి గాల్లోనే రెండు చేతులూ చాచి ఓడకి నిప్పంటించిందని వదిన చెబుతుంటే మాకు ఘాటు లేదు, నడుం నొప్పి లేదు. తుమ్ము వస్తే ఆపుకునేవాళ్ళం, మాట తప్పిపోతుందని. ఇంత చేసీ ఆ పిల్లలు ఎవరికీ చెప్పుకోకూడదు. చెబితే పైవాళ్ళకి జాడ తెలిసిపోతుంది. రాత్రంతా లోకాన్ని కాపాడి పొద్దున్న బడికి ఆలస్యంగా పోయి, బెంచీ ఎక్కి నిలబడేవాళ్ళు. అది విని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పంతులికి బుద్ధి లేదా అని అరిచాను. వదిన నవ్వింది. "గెలిచినోళ్ళ మొహాలు అలాగే ఉంటాయి వదినా, నిద్ర చాలనట్టు" అంది.

ఒకసారి ఆ హడావుడిలో మా చేతులు కళ్ళు మూసుకుని పనిచేశాయి. మంచికాయలోకి తాలు పడింది. మేస్త్రి కుప్పంతా తిరగేసి, రేపట్నుంచి కథల్లేవు, నోరు మూసుకుని పని చెయ్యండి అన్నాడు. నోటికి గుడ్డ కట్టే ఉంది, ఇంకేం ముయ్యాలిరా అని లేచాను. తాలు పడితే మేమే మళ్ళీ ఏరతాం, కూలి అడగం, కథ మాత్రం ఆపేది లేదన్నాను. ముఠా మొత్తం నా వెనక నిలబడింది. వాడు గొణుక్కుంటూ పోయాడు. ఆ తర్వాత కథ జరిగేటప్పుడు స్తంభానికి ఆనుకుని బస్తాలు లెక్కపెడుతున్నట్టు నటించేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, చెవుల పిల్లోడు తప్పించుకున్నాడా పెద్దమ్మా అని నన్నే అడిగాడు.

రంజాను నెలలో ఆమె ఉపవాసం. ఎండ, దుమ్ము, కారం. పెదాలు పగిలి ఉండేవి. గుటక నీళ్ళు లేకుండా కథ చెప్పేది. ఆపవే, నోరెండిపోతుంది అంటే, ఉపవాసం నాకు గానీ పిల్లలకి కాదుగా, వాళ్ళు ఓడ కింద ఇరుక్కుని ఉన్నారు అనేది. మాకు దాహమేస్తుందని తన సీసాలో నీళ్ళు తెచ్చి మధ్యలో పెట్టేది.

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నాను. ఒకరోజు మంటల పిల్ల ఒంటరిగా వంతెన మీద పైవాళ్ళకి చిక్కింది. మిగతా పిల్లల్ని పంపించేసి తనొక్కతే నిలబడింది. చేతుల్లో మంట అయిపోవస్తోంది. వదిన గొంతు ఎప్పటిలా లేదు. నాకు అనుమానమొచ్చింది. తొడిమ చేతిలోనే ఉండిపోయింది.

"వదినా, ఆ పిల్లకేమన్నా అయిందో, రేపట్నుంచి అవతలి వరసలో కూర్చుంటా. నీ గడప తొక్కను. నీతో మాట్లాడితే ఒట్టు."

ఆమె నా వంక చూసింది. రెండు కాయలు తుంచింది. తర్వాత గొంతు సవరించుకుని, "చావలేదు. సముద్రంలో పడింది. కొట్టుకుపోయింది" అంది.

అక్కడి నుంచి కథ ఎటు పోయిందో చూడండి. ఆ పిల్ల కెరటాల మీద తేలి తేలి వచ్చి మన బాపట్ల సముద్రం ఒడ్డున పడింది. పైవాళ్ళు ఊరుకుంటారా? వేటకి దిగారు. వేషం మార్చినా, మొహం మార్చినా, ఆ పిల్ల అరచెయ్యి మాత్రం కాలుతూ ఉంటుంది. అదే గుర్తు. కాలే చెయ్యి ఎక్కడుందా అని వాళ్ళు దేశమంతా ముట్టుకుంటూ వస్తున్నారు. మరి కాలే చెయ్యి ఎక్కడ దాగాలి? అన్ని చేతులూ కాలే చోట దాగాలి. ఆ పిల్ల మొహానికి గుడ్డ కట్టుకుని మిర్చి తొడిమలు తీసే ముఠాలో వచ్చి కూర్చుంది.

షెడ్డులో కేకలు పెట్టాం. జపానోళ్ళకి మన షెడ్డు ఎలా తెలుసని ఒకామె అడిగింది. నేనే ఖాయం చేశాను. మన కాయ ఓడలెక్కి దేశదేశాలకీ పోతోంది, ఎక్కడిదీ కాయ అని వాళ్ళు ఆరా తీసుండరా అన్నాను. ఆ ఏడాది నేను చెప్పని మనిషి లేదు. వినుకొండ బస్సులో చెప్పాను. మా ఆడపడుచు మనవరాలి పెళ్ళిలో మగపెళ్ళివారిని కూర్చోబెట్టి మరీ చెప్పాను. జపానోళ్ళు మా ముఠా మీద సీరియలు తీశారు, చూడలేదా అని అడిగాను. ఒకడు నవ్వితే వాడి చేత నవ్వు మానిపించి పంపాను.

కొత్తగా ఎవరు పనికొచ్చినా ఇదే మంటల పిల్లేమో అని ఓరగా చూసేవాళ్ళం. ఆ పిల్లకి భయమెయ్యదా వదినా అని అడిగితే, "ఎందుకెయ్యదూ, వేస్తుంది. భయమేసినప్పుడే చెయ్యి ఆపకూడదు. పనిచేసే చేతిని ఎవరూ అనుమానించరు" అంది.

చివరిరోజు ఆమె చెప్పింది ఇంతవరకే. పైవాళ్ళ ఓడ వచ్చి మా షెడ్డు రేకుల మీద ఆగింది. కింద మేమంతా వరసగా కూర్చుని ఉన్నాం. మాలో ఎవరు మంటల పిల్లో మాకే తెలియదు. అక్కడ ఆపి ఇంటికి పోయింది.

ఇక నలభయ్యో రోజు. అద్దంకి నుంచి కూతురొచ్చింది. అందరం భోజనాలు చేశాక ఆ అమ్మాయిని పక్కకి పిలిచాను. నువ్వూ ఆ బొమ్మలు చూశావు కదా, ఓడ షెడ్డు మీదికొచ్చాక ఏమైందో చెప్పమ్మా, నాకు నిద్ర పట్టడం లేదు అన్నాను.

ఆ అమ్మాయి తెల్లబోయి చూసింది. "ఏ షెడ్డు అత్తా?"

మొత్తం చెప్పాను. బాపట్ల, కాలే చెయ్యి, ముఠా, అన్నీ. వింటూ వింటూ ఆ అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుంది.

"మంటల పిల్ల వంతెన మీదే చచ్చిపోయింది అత్తా. సగంలోనే. ఆ రాత్రి అమ్మ నాకు ఫోను చేసి ఏడ్చింది. పొద్దున్నే మీ అత్తకి ఏం చెప్పను, నన్ను వెలేస్తుంది అంది. ఆ తర్వాత అమ్మ ఆ బొమ్మలు చూడనేలేదు."

మా మేస్త్రి అక్కడే చేతులు తుడుచుకుంటున్నాడు. పగలబడి నవ్వాడు. "చూశావా పెద్దమ్మా, ఇన్నాళ్ళూ మీ వదిన మీ అందర్నీ మోసం చేసింది" అన్నాడు.

ఇదీ ఆ మాట. దీనికే నా జవాబు.

మోసమా? ఆ జపానోళ్ళు చేతకాక చంపుకున్న పిల్లని మా వదిన సముద్రంలోంచి ఎత్తుకొచ్చింది. మన ఊరు తెచ్చింది, గుడ్డ కట్టింది, మా మధ్యన పీటేసి కూర్చోబెట్టింది. కథ తప్ప పెద్దగా మాట్లాడని మనిషి. సంకటి తింటూనో, గిన్నెలు తోముతూనో రేపటి ముక్క అల్లుకునేదన్న మాట. చూసి చెప్పడానికి ఫోనులో ఆ కథ లేదు. అడగటానికి ఎవరూ లేరు. ఉపవాసం నోటితో అంత యుద్ధం ఒక్కతే నడిపింది. కథ ఎక్కడన్నా తడబడితే, నిన్న రాత్రి సరిగ్గా చూశావా, నిద్రపోయావా అని నేను గద్దిస్తే, ఈసారి సరిగ్గా చూస్తాలే వదినా అని తలొంచుకునేది. ఆ పిల్లలూ ఇంతే కదా. ఊరు కాపాడి, బెంచీ ఎక్కి నిలబడి, ఎవరికీ చెప్పలేదు. అది విన్నాక నాకు కోపం రావాలట. నాకైతే గుండె ఎగిరి గంతేసింది. ఇన్నాళ్ళూ ఒక శక్తి ఉన్న మనిషి పక్కన కూర్చుని కాయలు తుంచాను. లేచి వీధంతా తిరిగి చెప్పాను, ఆ కథ జపానుది కాదు, మా వదినది అని. ముందు చెప్పినదానికంటే గట్టిగా చెప్పాను.

మర్నాడు షెడ్డులో ఆమె పీట ఆమె చోటే వేశాం. మిగతా కథ ఎవరు చెబుతారని ఎవరూ అడగలేదు, అందరూ నా వంకే చూశారు. నాకు పోట్లాడటం వచ్చు గానీ కథ చెప్పడం రాదు. ఐనా పొడుగాటి కాయ ఒకటి తీసి కుప్ప మీద పెట్టాను. ఓడలోంచి పైవాళ్ళు కాయ కొనే బేరగాళ్ళ వేషంలో దిగారు, వరస చివర్నుంచి ఒక్కొక్క చెయ్యీ ముట్టుకుంటూ వస్తున్నారు అన్నాను. అంతవరకూ వచ్చి నోరు ఆగిపోయింది. తర్వాతేమిటో నాకు తెలియదు. మేస్త్రి స్తంభం దగ్గర బస్తాలు లెక్కపెట్టడం ఆపేశాడు.

"మరి దొరికిందా పెద్దమ్మా?" అన్నాడు.

అప్పుడే పొద్దువాలింది. పని దిగే వేళయితే మేమందరం చేసే పనే చేశాం. గుమ్మం దగ్గర వరసగా నిలబడి, మంట చల్లారడానికి అరచేతులు గాలికి చాపాం. ఇంకా మొహాలకి గుడ్డలు విప్పలేదు. కళ్ళు తప్ప ఎవరెవరో తెలియడం లేదు. నేను చివర్నుంచి ఒక్కొక్క చెయ్యీ ముట్టుకుంటూ వచ్చాను. ఎర్రగా ఉన్నాయి, అన్నీ కాలుతున్నాయి.