మా అత్త పెట్టించిన ఉత్తుత్తి ఐపీ

నా చిన్నప్పుడు కొన్నాళ్ళపాటు మా ఇంటి వీధి తలుపుకు బయట తాళం వేలాడుతుండేది, మేమందరం మాత్రం లోపలే ఉండేవాళ్ళం. నాన్న పొద్దున్నే ముందు తాళం వేసి, పక్క సందులోంచి తిరిగొచ్చి, పెరటి తలుపులోంచి ఇంట్లోకి వచ్చేవాడు. ఎవరైనా తలుపు కొడితే నేనూ తమ్ముడూ ఒకరి నోరొకరం మూసుకుని, నవ్వు ఆపుకోలేక మెలికలు తిరిగిపోయేవాళ్ళం. మాకది దాగుడుమూతల్లాంటి ఆట. అమ్మ మాత్రం నవ్వేది కాదు. తలుపు కొట్టే మనిషి వెళ్ళిపోయేదాకా చేతిలో గరిట పట్టుకుని అట్లాగే నిలబడిపోయేది.

మాది గుంటూరు పక్కన నల్లపాడు. మేం దూదేకులవాళ్ళం. పత్తి ఏకి పరుపులు కుట్టడం తాతల నాటి నుంచి మా ఇంటి పని. నాన్నకు గుంటూరులో చిన్న పరుపుల కొట్టు ఉండేది. ఫోము పరుపులు వచ్చి దూది పరుపుల్ని వెనక్కి నెట్టేస్తున్న రోజులవి. కొట్టుకు అద్దాలు పెట్టించాలనీ, ఫోము సరుకు దించాలనీ నాన్నకు ఆశ. సరిగ్గా అప్పుడే టైలు కట్టుకున్న కుర్రాళ్ళు కొట్టు కొట్టూ తిరిగి క్రెడిట్ కార్డులు అంటగట్టేవారు. సొంత ఇల్లుందంటే చాలు, అక్కడే సంతకం పెట్టించుకునేవారు. నాన్న ఒకటి తీసుకున్నాడు. దాన్ని తీర్చడానికి ఇంకోటి గీకాడు. అట్లా జేబులో కార్డులు పెరిగాయి, కొట్లో బేరాలు పెరగలేదు. వసూళ్ళవాళ్ళు ఇంటి మీదికి రావడం మొదలుపెట్టారు. ఎవరేం అడుగుతారోనని నాన్న శుక్రవారం నమాజుకు వెళ్ళడం కూడా మానేశాడు. ఆ తర్వాతే ఇంటికి ఆ తాళం పడింది.

నాన్న ఫోను ఎత్తడం లేదని, ఆ ఎండాకాలం సెలవుల్లో మా మేనత్త కనిగిరిలో బస్సెక్కి వచ్చేసింది. నాన్నకు ఆమె ఒక్కతే అక్క. మామయ్య పోయాక మెట్ట చేలో కందులూ జొన్నలూ తానే పండించుకుంటూ పిల్లల్ని పెంచిన మనిషి. గొంతు పెద్దది. ఆమె వీధి మొగలో ఉండగానే ఆమె మాట ఇంట్లోకి వచ్చేసేది. తాళం చూసి కూడా ఆగకుండా తలుపు దబదబా బాదింది. ఎవరొచ్చినా నోరెత్తవద్దని అమ్మ నేర్పింది గానీ, తమ్ముడికి ఆ వేళ ఉత్సాహం ఎక్కువై లోపలినుంచి గట్టిగా అరిచాడు.

"ఇంట్లో ఎవరూ లేరు!"

"అట్లాగా నాయనా! అయితే ఆ ఎవరూ లేనోళ్ళతో చెప్పు, కనిగిరి నుంచి కూడా ఎవరూ రాలేదు, సంచిలో జొన్న రొట్టెలు కూడా ఏమీ తేలేదని!"

అమ్మ అన్నాళ్ళకు మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

అన్నాలయ్యాక నాన్న అక్కకు అంతా చెప్పాడు. నేను అత్త ఒళ్ళో తల పెట్టుకుని విన్నాను. తెలిసిన ప్లీడరు గారు ఐపీ పెట్టమంటున్నారు. ఐపీ అంటే, ఇక తీర్చలేనని కోర్టుకెళ్ళి చేతులెత్తేయడం. పత్తీ మిర్చీ వ్యాపారాలు నడిచే మా వైపు ఊళ్ళలో ఆ మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. బజార్లో స్నేహితులేమో ఇల్లు అమ్మేసి అందరికీ పారెయ్యమంటున్నారు. మా వీధిలోనే ఉండే బ్యాంకు ఆయన ఇంకో దారి చెప్పాడు. ఇల్లు తనఖా పెట్టి తక్కువ వడ్డీకి లోను తీసుకో, ఆ కార్డులన్నీ ఒకేసారి వదిలించుకో, నెల నెలా ఒక్క వాయిదా కట్టుకో అని. అయితే వాయిదాలు తప్పితే ఇల్లే పోతుందని కూడా ఆయనే చెప్పాడట. నాన్న పొద్దున ఒకటి అనుకుంటే మధ్యాహ్నానికి ఇంకోటి అనుకునేవాడు. అమ్మకు అన్నిటికీ భయమే.

అత్త అంతా విని, వక్కపలుకు నోట్లో వేసుకుని అంది. "ఒరేయ్, చీర కొనేటప్పుడే భుజాన వేసుకుని చూస్తాం గదరా. కాపురానికి సంబంధించిన సంగతి కూచుని ఆలోచిస్తే ఏం తెలుస్తుంది? ఒక్కోటీ ఒక్కో రోజు ఉండి చూద్దాం. రేపు మనం ఐపీ పెట్టాం అనుకుందాం. ఉత్తుత్తిదేలే."

నాన్న ఇదేం పిచ్చి అన్నాడు. కానీ ఆమె మాటకు ఆ ఇంట్లో ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

మర్నాడు పొద్దున్నే అత్త నా బలపాల పెట్టెలోంచి సుద్దముక్క తీసి నా చేతికిచ్చింది. కోర్టువాళ్ళ చేతికి వెళ్ళిపోయే వాటన్నిటి మీదా గుర్తు పెట్టమంది. అంత పెద్ద అధికారం నాకు అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. టీవీ మీద గీశాను. బీరువా మీద గీశాను. ఫ్రిజ్ మీద గీస్తుంటే తమ్ముడు లోపలున్న ఐసు కూడా పోతుందా అని దిగులుపడ్డాడు. వాణ్ణి ఏడిపించడానికి వాడి చొక్కా మీద కూడా ఒక గీత గీసి, నిన్ను కూడా కోర్టుకు ఇచ్చేశామన్నాను. వాడు ఇల్లంతా పరుగులు పెట్టాడు, అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. దూది ఏకే మిషను దగ్గరికొస్తే నాన్న అడ్డొచ్చాడు. చేతిపని చేసేవాళ్ళ పనిముట్లు వదిలేస్తారని ప్లీడరు గారు చెప్పారన్నాడు. సరే, దాన్ని వదిలేసి వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. గడప మీద గీయడానికి వంగాను. నాన్న వెనకనుంచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది వద్దమ్మా."

"వదిలెయ్యరా, పిల్ల సరిగ్గానే చేస్తోంది," అంది అత్త. ఈసారి గొంతు పెంచలేదు. "మిషను నీకే ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టుకుంటావు? దూది అరువిచ్చిన షావుకారూ, దిండు గలీబులు కుట్టిన ఆడవాళ్ళూ, అందరూ కోర్టు గుమ్మం ముందు వరసలో నిలబడాలి. చూడగలవా?"

నాన్న నా మణికట్టు వదిలి లోపలికి వెళ్ళాడు. తడిగుడ్డ తెచ్చి ఇంట్లో నేను గీసిన గీతలన్నీ తానే తుడిచాడు. పెట్టక తప్పనివాళ్ళు ఐపీ పెడతారనీ, అందులో సిగ్గేమీ లేదనీ, నాన్న ఇంకా అంతదాకా రాలేదనీ ఆ సాయంత్రం అత్తే అంది. ఆ ముక్క నాకు పెద్దయ్యాక అర్థమైంది.

ఉత్తుత్తిగా ఇల్లు అమ్మేసిన రోజు ఇంకా సరదాగా గడిచింది. అందరం ఆటో ఎక్కి గుంటూరులో అద్దె ఇళ్ళు చూడటానికి వెళ్ళాం. మిర్చి యార్డు వైపు నుంచి ఘాటు గాలి కొట్టి దారి పొడుగునా తుమ్ములే. ఒక ఇంటావిడ మేడ మెట్ల మీద నిలబడే ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎంతమంది, పిల్లలు గోడల మీద గీస్తారా, నీళ్ళు ఎన్ని బిందెలు వాడతారు. ఏం పని చేస్తారంటే దూది పని అన్నాడు నాన్న. దూది ఎగిరే పని మా ఇంట్లో కుదరదండీ అందావిడ. అత్త చేతులు జోడించి, "మా పిల్లలు గీస్తారండీ, దూది ఎగురుతుందండీ, నేను గట్టిగా మాట్లాడతానండీ, నాలుగోది తుమ్ములు," అని చెబుతుండగానే తమ్ముడు పెద్దగా తుమ్మాడు. సందు మొదట్లోకొచ్చేదాకా నవ్వాపుకున్నాం. అక్కడ సోడాబండి దగ్గర నిలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే అమ్మ నాన్నతో అంది, మనిల్లు మనకు కావాలండీ అని. అన్నాళ్ళుగా ఆమె తనకు ఏం కావాలో చెప్పడం నేను వినలేదు.

మూడో దారి మిగిలింది. లోను వాయిదా కట్టాలంటే కొట్టు ఒక్కటే చాలదు. ముందు గదులు అద్దెకిచ్చి, మేం వెనక భాగంలో సర్దుకోవాలి. అత్త ముందు గదులకు తాళం వేయించి, అందరినీ వెనకకు తోలింది. రెండు చిన్న గదులు, రేకుల వసారా. వంటగిన్నెలు మంచం కిందికి పోయాయి, నా పుస్తకాలు బియ్యం డబ్బా మీదికి చేరాయి. కరెంటు పోయింది. ఎవరు కాలు చాపినా ఇంకొకరికి తగిలేది. పళ్ళేలు ముందు గదిలో ఉండిపోయాయని అత్త ఒకే పెద్ద పళ్ళెంలో అన్నం కలిపి, గోంగూరా ఉల్లిపాయా నంచుతూ అందరికీ ముద్దలు పెట్టింది. నాన్నకు కూడా పెట్టింది. ముద్ద కోసం చెయ్యి చాపుతూ నాన్న నా పక్కన చిన్నపిల్లాడిలా కూర్చోవడం చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

తిన్నాక నాన్న వసారా మూల నుంచి తాతయ్య వాడిన పాత ఏకుడు విల్లు బయటికి తీశాడు. కరెంటు లేదు, మిషను నడవదు. ఊరికే ఉండలేక వింటినారి మీద కొయ్యదెబ్బ వేశాడు. టుంగ్‌మని మోగింది. అమ్మ పాత దిండు ఒకటి విప్పి దూది ముందు పోసింది. నాన్న ఏకుతుంటే వసారా అంతా దూది లేచింది. నేనూ తమ్ముడూ దాంట్లో గెంతాం. అత్త కనిగిరి పాట ఏదో ఎత్తుకుంది.

అప్పుడే వసూళ్ళ కుర్రాడు వచ్చాడు. వీధి తలుపు ఆ వేళ తీసే ఉంది, నడవలోంచి సరాసరి వెనకకు వచ్చాడు. కోపంగా ఏదో అనబోయాడు, నోట్లోకి దూది పోయింది. దగ్గడం మొదలుపెట్టాడు. అత్త మంచినీళ్ళిచ్చి, పీట వేసి, "కూచో నాయనా. మేమెక్కడికీ పోవడం లేదు. కట్టేవాళ్ళమే. తగ్గించమని ఎవర్ని అడగాలో అది చెప్పు," అంది. కనుబొమల మీద దూదితో ఆ అబ్బాయి అయోమయంగా కూర్చున్నాడు. విజయవాడ ఆఫీసులో మేనేజరుని కలవాలన్నాడు. వెళుతూ వెళుతూ నాన్నకు, "వస్తానండీ" అన్నాడు. అంతవరకూ ఆ ఇంట్లో అతను అండీ అన్నది లేదు.

నాన్న లోను తీసుకున్నాడు. కార్డుల ఆఫీసులకు తనే వెళ్ళి మాట్లాడాడు. కొందరు జరిమానాలు తగ్గించి, ఒకేసారి కట్టించుకుని ఖాతా మూశారు. ఒకరు పైసా తగ్గించలేదు, వాళ్ళకు పూర్తిగా కట్టాడు. ఇట్లా తగ్గించి కట్టినవాళ్ళకు మళ్ళీ అప్పు పుట్టడం కష్టమని బ్యాంకు ఆయన హెచ్చరిస్తే, "పుట్టకపోతేనే ఇంటికి క్షేమం," అంది అత్త. కార్డుల్ని పరుపుల కత్తెరతో ముక్కలు చేసే పని నాకూ తమ్ముడికీ ఇచ్చారు. ముందు గదుల్లోకి కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మాస్టారు, ఆయన భార్య దిగారు. ఆ అక్క దగ్గరే నేను లెక్కలు నేర్చుకున్నాను. లోను నేను డిగ్రీ చదివే రోజుల్లో తీరింది. మాస్టారి వాళ్ళు ఖాళీ చేశాక కూడా మేం చాలా రోజులు ముందు గదుల్లోకి పోలేదు. వెనక ఇరుకుకు అంత అలవాటు పడ్డాం.

ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది. మా ఆయనా నేనూ ఏ పెద్ద సంగతి తేల్చుకోలేకపోయినా, ముందు ఒక రోజు అందులో కాపురం చేసి చూస్తాం. ఊరు మారాలా వద్దా అనుకున్నప్పుడు కొత్త ఊళ్ళో ఒక రోజంతా కూరగాయలు కొనుక్కుని, బస్సులెక్కి తిరిగి చూశాం. పిల్లలు నవ్వుతారు. కానీ తేలిక అనుకున్న దారుల్లో పూట గడవకముందే ఊపిరాడకపోవడం, భయపడ్డ దారిలో కాళ్ళు ముడుచుకుని అయినా హాయిగా కూర్చోగలగడం నాకు చాలాసార్లు ఎదురైంది. అన్నిటికన్నా ఎక్కువగా నాతో ఉండిపోయింది ఇంకోటి. పీకల దాకా అప్పులో ఉన్న ఆ మూడు రోజులూ నాకు గుర్తున్నంతలో మా ఇంట్లో అందరం కలిసి ఎక్కువగా నవ్విన రోజులు. కష్టం తీరాక నవ్వుదామని అందుకే నేను ఎప్పుడూ ఆగలేదు.