మా నాయనమ్మ రాయి మీద జాజు గీత

నా చిన్నప్పుడు మా కొండల్లో ఇంటి నేలకి రాయి పరవాలని ఎవరికీ తోచేది కాదు. మట్టి పోసి, గట్టిగా కొట్టి, పేడతో అలికితే అదే నేల. పగిలితే మళ్లీ అలుక్కునేవాళ్లం. ఇప్పుడు నా మనవరాలు హుకుంపేటలో ఇల్లు కట్టుకుంటోంది. నేలకి బండలు చూద్దామని మొన్న నన్ను సాలూరు తీసుకెళ్లింది. కొట్టువాడు పలకల్ని తడిగుడ్డతో తుడిచి మెరుపు చూపిస్తున్నాడు. నేను ఒక పలకను ఇద్దరు కుర్రాళ్ల చేత ఎత్తించి, వేలి కణుపుతో తట్టి విన్నాను. వాడు నవ్వాడు. "తాతా, ఇది రాయి, పనసకాయ కాదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అక్కడ వాడికి చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. సంతలో బెల్లం పొట్లాల కాగితాలు విప్పి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, రాత తిన్నగా లేకపోతే చదివేవాళ్లే సర్దుకోవాలి.

అప్పటికి నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. తెల్లదొరల రోజులు. మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒక ముఠాదారు ఉండేవాడు. శిస్తు వసూలు చేసేదీ ఆయనే, కూలి ఇవ్వకుండా వెట్టికి మనుషుల్ని పిలిచేదీ ఆయనే. మైదానం నుంచి పెద్దవాళ్లు వచ్చిపోతుండడంతో ఆయనకి అలికిన నేల నామోషీ అయింది. ఇల్లంతా బండలు పరవాలన్నాడు. సాలూరు నుంచి బండలు వేసుకుని ఎడ్లబళ్లు ఆ ఎత్తు ఎక్కలేవు. అందుకని అక్కడి నుంచి రాళ్లు కొట్టే మేస్త్రిని రప్పించి, రాయి కొండ మీదే ఏరుకోమన్నాడు. మోయడానికి ఎలాగూ మేమున్నాం.

మేస్త్రి వెంట ముఠాదారు మనిషి ఒకడు వచ్చాడు. ఊళ్లో అడుగుపెడుతూనే వాడి కళ్లు మా పెద్దల రాళ్ల మీద పడ్డాయి.

మా వాళ్లలో ఒక మనిషి పోతే, ఇంట్లో కలిగినప్పుడు, ఆ మనిషి పేరున ఊరి నడుమ ఒక పలకరాయి వేస్తారు. సగం నేలలోకి దిగేలా, కదలకుండా వేస్తారు. తగవులు తీర్చేది వాటి మీద కూర్చునే, కబుర్లు చెప్పుకునేది వాటి మీద కూర్చునే. తరాల తరబడి కూర్చోగా పాత రాళ్లు అరిగి నున్నబడ్డాయి. అన్నిటికంటే కొత్తది మా నాయనమ్మ రాయి. దాన్ని కొండ అవతల నుంచి లాక్కొచ్చిన రోజున మా తాత దున్నపోతును కోసి ఊరందరికీ పెట్టాడు. నేను నాయనమ్మ ఒళ్లో పెరిగినవాణ్ణి. పొద్దున్న లేస్తూనే వెళ్లి ఆ రాయి మీద కూర్చుంటే గానీ నాకు గంజి దిగేది కాదు.

ఇక చెక్కే పనే లేదని ముఠాదారు మనిషి సంబరపడిపోయాడు. మేస్త్రి చెప్పులు విడిచాడు. జాజు ముద్ద తడుపుకుని, వాడు చూపించిన రాయి మీదల్లా ఎర్రగా ఒక అడ్డగీత గీశాడు. మొత్తం ఏడు రాళ్లు. ఏడోది నాయనమ్మది. మర్నాడు గునపాలు పట్టుకుని అందరూ రావాలని చెప్పి ఆ మనిషి చుట్ట వెలిగించుకున్నాడు.

మా పెద్దవాళ్లలో ఒక్కరూ నోరెత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. రోడ్డు పనికి రానన్నందుకు మా చిన్నాన్న వీపు ఏమైందో అందరూ చూసినవాళ్లే. నాకు మాత్రం ఒళ్లంతా కోపమే. ముఠాదారును నేనేం చేయగలను? ఆ చుట్టవాణ్ణేం చేయగలను? నాకు అందింది మేస్త్రి ఒక్కడే. ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు గోనెసంచిలోంచి పెద్ద ఉలి తీసుకుని గెడ్డ దాకా పరుగెత్తాను. గెడ్డ అంటే మా వైపు కొండవాగు. అక్కడున్న లోతు మడుగులోకి దాన్ని గిరాటేశాను. బుడుంగుమంది. ఆ చప్పుడు నా చెవికి ఎంత హాయిగా ఉందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మర్నాడు గునపాలు వచ్చాయి. మా భాష వేరైనా మా తాతకి సంత తెలుగు వచ్చు. ఆయన వెళ్లి మేస్త్రి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, ఈ రాళ్లు మంచివి కావు. పలకవు. నువ్వే తట్టి సూడు" అన్నాడు.

నాకు తల తిరిగిపోయింది. తిరగలికి రాయి ఏరడం నాకు నేర్పింది ఆ తాతే. నేలకి అతుక్కుని పడుకున్న రాయి ఎంత మంచిదైనా మొద్దుగానే మోగుతుందని, రెండు దుంగల మీదికి ఎత్తి తడితేనే దాని గుణం బయటపడుతుందని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అలాంటి మనిషి నలుగురిలో చేతులు కట్టుకుని, నాయనమ్మ రాయినే మంచిది కాదంటున్నాడు. ఆయనకి మతి పోయిందనుకున్నాను. ఎత్తి తట్టమని చెప్పబోతూ నోరు తెరిచాను. తాత మడమ వచ్చి నా బొటనవేలి మీద పడింది. ముఖం మేస్త్రి వైపే ఉంది, ఒంటి బరువంతా నా వేలి మీద ఉంది. నా అరుపు గొంతులోనే ఉండిపోయింది.

మేస్త్రి మా తాత ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత వంగి సుత్తితో తట్టాడు. దబ్. రెండోదీ అంతే. ఏడోదాని దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చెవి ఆనించి మరీ విన్నాడు. లేచి, ముఠాదారు మనిషి వైపు తిరిగాడు.

"లోపల పగుళ్లున్నాయండి. ఏసిన ఏడాదికే ముక్కలైపోతాయి."

"ఇంతమంది కూకుంటే పగల్లేదు గదా. ఏటి సెప్తన్నావు నువ్వు?"

"నేల మోస్తంది గనక పగల్లేదండి. పీకితే పగులుతాయి. అప్పుడు ముఠాదారుగోరు నన్నొక్కడినే అడగరు. సూపించినోడు ఎవడని కూడా అడుగుతారు."

ఆ మనిషి చుట్ట నోట్లోంచి తీసి, రాళ్ల వైపు చూసి, ఉమ్మేశాడు. మేస్త్రి తడిగుడ్డతో గీతలన్నీ తుడిచేశాడు.

అక్కడి నుంచి అందరం గెడ్డ ఒడ్డుకి వెళ్లాం. అక్కడ పలకలుగా విడే రాయి ఉంది, కానీ కొట్టి తీయాలి, చెక్కాలి. నేను కుంటుకుంటూ సొరబుర్రతో నీళ్లు మోశాను. గునపాలకి మొదటి పలక ఊడగానే మేస్త్రి రెండు దుంగలు పడేయించి, దాన్ని వాటి మీదికి ఎత్తించి, అప్పుడు తట్టాడు. ఖంగుమంది. నేను ఉన్నచోటనే నిలబడిపోయాను. రెండోదాన్ని కూడా ఎత్తించే తట్టాడు, అది బాగాలేదని తోసేయించాడు. ఆ రోజంతా ఒక్క రాయిని కూడా నేల మీద ఉండగా తట్టలేదు. పలికిన రాయి మీద నీళ్లు పోయించేవాడు. నీళ్లు తాగేసే రాయి వానాకాలమంతా ఇంట్లో చెమ్మ కక్కుతుందట. ఆపైన చెప్పులు విడిచి ఆ తడి మీద నిలబడేవాడు. కాలు జారితే, రాయి ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టించేవాడు.

నా ముఖంలో ఏం కనబడిందో, నీళ్లకోసమన్నట్టు నన్ను దగ్గరికి పిలిచి, వంగి, మెల్లగా అన్నాడు.

"ఏటి సూత్తన్నావు గుంటడా? పండుకున్న రాయి పలకదని మీ తాతకొక్కడికే తెలుసనుకున్నావా? బేగి నీళ్లు పొయ్యి, ఆ సుట్టోడు ఇటే సూత్తన్నాడు."

తర్వాత గునపానికి లొంగని రాయి వచ్చేసరికి సంచి బోర్లించి పెద్ద ఉలి కోసం వెతుక్కున్నాడు. దారిలో ఎక్కడో జారిపోయి ఉంటుందని తనను తానే తిట్టుకున్నాడు. చిన్న ఉలితోనే కొట్టడం మొదలుపెట్టాడు. పెద్ద ఉలికి నాలుగు దెబ్బల్లో విడే రాయి దీనికి నలభై దెబ్బలైనా విడలేదు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఒకసారి సుత్తి జారి వేళ్ల మీద పడింది. రక్తం గెడ్డ నీళ్లలో కడుక్కున్నాడు, ఆ మడుగులోనే. ఇరవై అడుగుల దూరంలో సొరబుర్ర పట్టుకుని నిలబడ్డాను నేను. ఒక్క మాట చెబితే మా వాళ్లలో ఎవరో ఒకరు మునిగి తీసిచ్చేవారు. చెప్పలేదు. పొద్దున్న మూయాల్సిన చోట నోరు తెరిచాను, ఇక్కడ తెరవాల్సిన చోట మూసుకున్నాను.

సాయంత్రం తాత నా వేలికి పసుపు పట్టిస్తుంటే, నువ్వు అబద్ధం చెప్పావని మేస్త్రికి తెలుసు అన్నాను. నేనేదో పెద్ద రహస్యం కనిపెట్టానని నా ధీమా. తాత తలెత్తలేదు. తెలియకపోతే వాడు మేస్త్రి ఎలా అవుతాడని అడిగాడు. ఆ రాళ్లు పీకడం వాడికీ ఇష్టం లేదని, గీత గీసే ముందు చెప్పులు విడవడం తాను చూశానని చెప్పాడు. పైవాళ్ల దగ్గర చెప్పడానికి వాడికి ఒక మాట కావాలి, ఆ మాట ఇచ్చాను, పుచ్చుకున్నాడు, అంతే అన్నాడు.

అంటే వాళ్లిద్దరికీ అంతా తెలుసు, తెలియనిది నాకే. నేను ఉలి పారేసింది మా నాయనమ్మను కాపాడబోయే మనిషిది. అది తాతకి కూడా చెప్పలేదు. పని ముగించుకుని కొండ దిగి వెళ్లిన మేస్త్రిని మళ్లీ చూడలేదు. గెడ్డ రాళ్లను ముఠాదారు ఇంటి దాకా మోసింది మా వాళ్లే. మా నాన్న భుజం వాపు వానలు వెలిసేదాకా తగ్గలేదు. మోసినవాళ్లకి ముఠాదారు ఒక పూట కూడైనా పెట్టలేదు. ఆ కోపం నాకు ఇన్నేళ్లకీ చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు.

మనవరాలు చివరికి నేను తట్టిన రాయే తీసుకుంది. కొట్టువాడి నవ్వు కొట్లోనే వదిలేసి వచ్చాం. నాయనమ్మ రాయి అక్కడే ఉంది, గరుకు తగ్గింది, ఒక అంచు సందులో జాజు ఎరుపు ఇంకా మిగిలింది. వేసవిలో గెడ్డ తగ్గినప్పుడల్లా నేను మడుగులో దిగి అడుగంతా కాళ్లతో తడుముతాను. పిల్లలు ఒడ్డున నిలబడి, ఈ ముసలాడికి పిచ్చి అనుకుంటారు. అనుకోనీ. తాత తొక్కిన వేలికి గోరు ఊడి వంకరగా మొలిచింది. ఆ ఉలి ఎప్పటికైనా తగిలితే మొదట ఆ వేలికే తెలుస్తుంది.