హిందీ అంటే ఐవా అను

ఉద్యోగంలో నాకో అలవాటు ఉండేది. చెప్పిన పని చెప్పిన రోజే చేసేయడం. మంచి అలవాటే కదా అంటారు మీరు. అది నన్ను ఎలా ముంచిందో వినండి.

నేను కువైట్‌లో, అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో పంపులు చూసే ఇంజనీరుని. నెలలో పది రోజులు బహ్రెయిన్, దుబాయ్, ఒక్కోసారి సింగపూర్. ఎక్కడ పంపు మొరాయిస్తే అక్కడికి పరుగు. పాస్‌పోర్టు మాత్రం మా దగ్గర ఉండకూడదు. ప్రయాణానికి ముందు కువైట్ సిటీ మిర్కాబ్‌లోని మా ఆఫీసు వాళ్ళు ఇస్తారు, తిరిగి రాగానే వాళ్ళకే అప్పజెప్పాలి. 1990 ఆగస్టు ఒకటి, బుధవారం సాయంత్రం బహ్రెయిన్ నుంచి దిగాను. "గురు, శుక్రవారాలు సెలవే కదా సార్, శనివారం ఇద్దురుగాని" అన్నాడు కంపెనీ డ్రైవరు. "నియమం నియమమేనయ్యా" అని పెద్ద హరిశ్చంద్రుడిలా అతని చేతిలో పెట్టాను. తెల్లారేసరికి ఇరాక్ సైన్యం కువైట్‌లో ఉంది. ఒక్క పూట బద్ధకించి ఉంటే నా పాస్‌పోర్టు నా జేబులో ఉండేది.

మా ఆవిడా, ఎనిమిదేళ్ళ మా అమ్మాయీ జూలైలోనే సెలవులకి విజయవాడ వెళ్ళారు. నేను ఆగస్టు రెండో వారంలో వెళ్ళాలి. అంతకు ముందు మూడు వేసవులూ ఏదో ఒక పంపు పుణ్యమా అని నా సెలవు రద్దయింది. "ఈసారి రాకపోతే నీతో కటీఫ్ నాన్నా" అని విమానం ఎక్కబోతూ వేలు చూపించి మరీ చెప్పింది మా అమ్మాయి. ఇప్పుడు దేశం బయటికి ఫోన్లు లేవు. నేను బతికున్నానో లేదో వాళ్ళకి తెలియదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఏడుపు వచ్చేది, దాచడం దేనికి!

మూడు వారాలు అలా గడిచాయి. మనవాళ్ళు బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్ళి, అక్కడి నుంచి విమానంలో బొంబాయి చేరుతున్నారని తెలిసింది. నా పేరూ రాయించాను. పాస్‌పోర్టు లేనివాళ్ళని సరిహద్దులో ఆపేస్తున్నారని అందరూ అంటున్నారు. అంతలో ఒక మధ్యాహ్నం మా కంపెనీ మందూబ్ ఫోన్ చేశాడు. ఇఖామాలూ, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్లూ, వీసాలూ చూసే ఆఫీసు మనిషిని మందూబ్ అంటారు. ఈజిప్టు ఆయన. "రేపు నేను వెళ్ళిపోతున్నాను. ధుహర్ దాకా ఆఫీసులో ఉంటాను. వచ్చి తీసుకో. ఆ తర్వాత ఖలాస్" అన్నాడు. ధుహర్ అంటే మధ్యాహ్నం నమాజు.

నేనుండే ఫింటాస్ నుంచి మిర్కాబ్ పాతిక కిలోమీటర్ల పైమాటే. నా కారుని సైనికులు మొదటి వారంలోనే పట్టుకుపోయారు. బస్సులు లేవు. ఉన్నదల్లా రెండు కాళ్ళు.

ఆ కాళ్ళ కథ కూడా చెప్పాలి. హోటల్ తిళ్ళు తిని తిని తొంభై రెండు కిలోలయ్యాను. షుగరు మొదలైందని డాక్టరు భయపెట్టాడు. అప్పటి నుంచి ఏడాదిన్నరగా, ఏ ఊళ్ళో ఉన్నా సరే, పొద్దున్నే గంటన్నర నడక. ఫింటాస్‌లో ఉంటే సముద్రం ఒడ్డున, సింగపూర్‌లో ఉంటే హోటల్ చుట్టూ. "రోజూ అంత నడుస్తారు, ఎక్కడికీ చేరరు. అదే నడక తిన్నగా నడిచుంటే ఈపాటికి బెజవాడ వచ్చేది కదండీ" అని మా ఆవిడ ఎగతాళి. సరే, నడుద్దాం అనుకున్నాను. కాళ్ళు విరిగినా సరే, ఆ పాస్‌పోర్టు తెచ్చుకుని తీరాలి.

మా కంపెనీ క్యాంపులో వంటమనిషి ఒకాయన ఉండేవాడు. రాయచోటి పక్క పల్లె. యాభై ఏళ్ళుంటాయి. కువైట్ వచ్చి అప్పటికి ఆరు వారాలు. విమానం దిగగానే క్యాంపులో పడ్డాడు, మళ్ళీ గేటు దాటలేదు. ఇఖామా కోసమని తీసుకున్న ఆయన పాస్‌పోర్టు కూడా మిర్కాబ్‌లోనే ఉంది. క్యాంపు ఖాళీ అయ్యాక నా దగ్గరే ఉంటున్నాడు. నాకు కనీసం గుర్తింపు కార్డుంది. ఆయన దగ్గర చిన్న కాగితం ముక్క కూడా లేదు.

"నువ్వు ఇక్కడే ఉండు, నీది కూడా నేను తెస్తా" అన్నాను.

"నాది నా చేతికి కాకుండా మీ చేతికి యాల ఇస్తాడు సార్? నేనూ వస్తా" అన్నాడు. ఆ మాటా నిజమే.

వెలుగు రేకలు వచ్చేటప్పుడే బయలుదేరాం. రెండు సీసాల నీళ్ళు, గుప్పెడు ఖర్జూరాలు. నాకు నడక బూట్లు, ఆయనకి హవాయి చెప్పులు. అయినా ఆయనే నాకన్నా ముందు నడిచాడు. ఏడాదిన్నర సాధన చేసిన నేను ఆయాసపడుతూ వెనక. "మాకు ఇదంతా నడక కింద లెక్క కాదు సార్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఎనిమిదవుతుండగా రోడ్డు మీద చెక్‌పోస్టు. తుపాకులతో నలుగురు సైనికులు. ఒకడు నా కార్డు చూసి "హిందీ?" అన్నాడు. "ఐవా" అన్నాను, అంటే అవును అని. "యల్లా, యల్లా" అని చేయి ఊపాడు. నేను పదడుగులు వేశాను. వెనక అదే ప్రశ్న వంటాయనని అడిగాడు.

"హిందీ?"

ఆయన తల అడ్డంగా ఊపి, గట్టిగా, స్పష్టంగా చెప్పాడు. "లా. తెలుగు."

అరబ్బీలో హిందీ అంటే భాష కాదు, ఇండియా మనిషి అని. ఆ రోజుల్లో ఇండియా వాడంటే ఆ సైనికులు పెద్దగా పట్టించుకునేవారు కాదు, పొమ్మనేవారు. ఏ కాగితమూ లేని మనిషికి ఆ ఒక్క మాటే పాస్‌పోర్టు. ఈ మహానుభావుడు దాన్ని చేజేతులా కాదన్నాడు!

సైనికుడి ముఖం మారిపోయింది. ఆయన్ని రోడ్డు పక్కకి నెట్టి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. నన్ను మాత్రం మళ్ళీ "యల్లా" అన్నాడు.

నిజం చెబుతాను. ఆ క్షణంలో నా కళ్ళకి కనపడింది ఆయన కాదు, మా అమ్మాయి వేలు. గడియారం చూసుకున్నాను. నాలుగు గంటలే ఉంది. ఇక్కడ ఆగితే నా పాస్‌పోర్టు పోతుంది. ముందుకి పోతే ఆయన ఏమవుతాడో తెలియదు. రెండడుగులు ముందుకి వేశాను కూడా. మూడోది పడలేదు. ఛీ, ఈయన్ని ఇక్కడ వదిలేసి ఇంటికెళ్ళి ఆ పిల్ల ముఖం ఎలా చూస్తాను? వెనక్కి తిరిగాను.

వచ్చిన అరబ్బీ అంతా వాడాను. "ఈయన హిందీయే. తెలుగు కూడా హిందీయే" అన్నాను. వాడు నమ్మలేదు. ఎండలో ఇద్దరినీ కూర్చోబెట్టారు. గంట దాటింది. చివరికి వాళ్ళలో పెద్దవాడు, నెరిసిన మీసాలవాడు, వచ్చి విషయం విన్నాడు. "హిందీ అయితే ఒక హిందీ పాట పాడమను" అన్నాడు. వాళ్ళకి మన హిందీ సినిమాలంటే ప్రాణం.

"ఏదో ఒకటి పాడవయ్యా!"

"నాకు హిందీ రాదు సార్. ఆ మాటే కదా ఇందాక చెప్పిండేది."

"తెలుగులోనే పాడు! వాడికేం తెలిసి చస్తుంది?"

"పాటలు కూడా రావు సార్. మా ఇంట్లోది కలుపు తీస్తా పాడతాది, అదొక్కటే తెలుసు."

అదే పాడాడు. మోకాళ్ళ మీద ఉండి, రోడ్డు కేసి చూస్తూ, వేరుశనగ చేలో ఆడవాళ్ళు పాడే పాట. మొదట తడబడ్డాడు. తర్వాత పాట సాగింది. సగంలో వాళ్ళావిడ గుర్తొచ్చిందేమో, గొంతు వణికింది. నెరిసిన మీసాలాయన తుపాకీ భుజాన వేసుకుని, చివరిదాకా విన్నాడు. "వల్లా, హిందీ!" అన్నాడు, ఒట్టేసినట్టు తల ఊపుతూ. "ఖలాస్. యల్లా."

అక్కడి నుంచి కదలగానే తిట్టడం మొదలెట్టాను. "తెలుగేంటయ్యా తెలుగు! వాడేమన్నా జనాభా లెక్కలు రాస్తున్నాడా?"

"రానిదాన్ని వచ్చునని ఎట్ల చెప్పేది సార్? వాడు మళ్ళా హిందీలో ఏమన్నా అడిగితే?"

"ఇంకోసారి ఎవడైనా హిందీ అంటే ఐవా అను. అర్థం చూడకు. కళ్ళు మూసుకుని ఐవా అను."

"హిందీ, ఐవా. హిందీ, ఐవా" అని దారి పొడుగునా వల్లె వేశాడు. తర్వాత వచ్చిన రెండు చెక్‌పోస్టుల్లో వాళ్ళు అడగకముందే ఐవా అని అరిచాడు.

ఎండ మాడ్చేస్తోంది. నీళ్ళయిపోయాయి. ఆయన చెప్పు తెగితే నా మేజోళ్ళు రెండూ విప్పి ఆ కాలికి తొడిగాం. మిర్కాబ్‌లోకి అడుగుపెట్టేసరికి నమాజు పిలుపు అయిపోయింది. మూడంతస్తులు ఎలా ఎక్కానో నాకే తెలియదు. ఆఫీసుకి తాళం వేసి ఉంది. తలుపు మీద గుద్దాను, పేరు పెట్టి పిలిచాను, ఎవరూ లేరు.

మెట్ల మీద కూలబడి ఆయన మీద విరుచుకుపడ్డాను. "అంతా నీ మూలంగానే! నిన్ను అక్కడే వదిలేసి రావలసింది!" అన్నాను. అనగూడని మాట. కానీ అన్నాను.

ఆయన తలుపు కేసి చూశాడు. "సార్, నమాజు పిలుపు ఇప్పుడే కదా అయింది. మా పక్క సాయిబులు పిలుపు ఇన్నంక నమాజు సేయకుండా యా ఊరికీ బయలెల్లరు. ఈ ఆఫీసు సారు యాడికి పోతాడు?" అని గబగబా మెట్లు దిగాడు. నేను వెనకే పరిగెత్తాను. సందు చివర మసీదు. జనం అప్పుడే బయటికి వస్తున్నారు.

"అదో, ఆయనే!"

"నీకెలా తెలుసయ్యా? ఒక్కసారే కదా చూశావు?"

"నా పాస్‌పోర్టు ఎత్తుకపోయిన మొగం మర్చిపోతానా సార్?"

మందూబే. చంకలో తోలు సంచీ. రెండు పాస్‌పోర్టులూ అందులోనే ఉన్నాయి. మమ్మల్ని చూసి "మీరిక రారనుకున్నాను" అని కావలించుకున్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు, ఎవరి మీదా రాలేదు. పక్కన ఒంటి చెప్పుతో నిలబడ్డ మనిషి ముఖం చూడటానికి మాత్రం సిగ్గేసింది.

నాలుగు రోజుల తర్వాత బస్సెక్కాం. బస్సులో, జోర్డాన్ గుడారాల్లో, విమానంలో ఆ మెట్ల మీద అన్న మాటకి క్షమించమని అడగాలని ఎన్నోసార్లు నోరు తెరిచాను. కోపం వచ్చినంత సులువుగా ఆ మాట రాలేదు.

బొంబాయి విమానాశ్రయంలో ఫారాలు నింపుతున్న ఒక అధికారి ఆయన్ని తలెత్తి చూసి అడిగాడు. "హిందీ?"

వంటాయన నిటారుగా నిలబడి, హాలంతా వినపడేలా "ఐవా!" అన్నాడు.

అధికారి సంతోషించి గడగడా హిందీలో ప్రశ్నలు మొదలెట్టాడు. ఆయన రెండు క్షణాలు విన్నాడు, బిక్కముఖం వేశాడు, నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"ఈయనేందో అడగతాండాడు సార్. ఇప్పుడు నన్ను ఈడ వదిలేసి పోరు కదా?"

అందులో దెప్పిపొడుపు ఏమీ లేదు. ఆయనకి ఆ మాట గుర్తు కూడా లేదేమో. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"పోనయ్యా" అన్నాను. రాయచోటి దాకా దింపి, ఆ తర్వాతే బెజవాడ వెళ్ళాను. ఇంకో రెండు రోజులు ఆలస్యమైంది. మా అమ్మాయి కటీఫ్ చెప్పలేదు.