కూయని సైరన్‌కు నాలుగు వాటాలు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటులో లిఫ్టు మరమ్మతు ఖర్చు ఎలా పంచుకోవాలో తేల్చుకోవడానికి మీటింగు పెట్టారు. కింది అంతస్తు ఆయన తానసలు లిఫ్టే ఎక్కనన్నాడు, పై అంతస్తు ఆయన తానొక్కడే ఎక్కుతున్నాడా అన్నాడు, చివరకు కొత్త కమిటీ వచ్చాక చూద్దామని అందరూ సమోసాలు తిని లేచారు. మోకాళ్ళు అరిగిపోయి, మెట్లెక్కలేక, నెల రోజులుగా గుడికి కూడా వెళ్ళని నాలుగో అంతస్తు పెద్దావిడ సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. నేను గట్టిగానే అరిచి వచ్చాను. లిఫ్టు కోసం ఇంత కోపమెందుకని మావారు అడిగారు గానీ, నా కోపం లిఫ్టుది కాదు, చాలా పాతది.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. మేము సరూర్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పోచంపల్లి చీరల దుకాణం పైన చిన్న ఆఫీసులో నాకు ఉద్యోగం. మా నల్లగొండ వైపు పెద్ద కాలువ మీద, నీళ్ళు మెట్టు దూకే చోటల్లా ఒకరి కింద ఒకరు నలుగురు యజమానులు చిన్న చిన్న జలవిద్యుత్ కేంద్రాలు కట్టుకున్నారు. కాలువ ఒక్కటే కాబట్టి నలుగురూ సంఘంగా ఏర్పడి, ఉమ్మడి ఖర్చులు పంచుకుని, ప్రాజెక్టులను తనిఖీ చేసే ప్రభుత్వ కార్యాలయానికి ఆరు నెలలకొకసారి ఉమ్మడి నివేదిక పంపాలి. ఆ లెక్కలు, ఆ నివేదికలు చూసేది నేనే. ఆ కాలువ మా ఊరి పక్కనుంచే పారుతుంది, మా అమ్మా చిన్నమ్మా పక్కపక్క ఇళ్ళలో ఉండేవాళ్ళు, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ బట్టలుతికే రేవు అదే. అందుకే ఆ కొలువు దొరికినప్పుడు ఊరికి దగ్గరైనంత సంబరపడ్డాను.

జలవిద్యుత్ కేంద్రం నడిచే తీరు మీకు తెలియకపోవచ్చు. పైన గేట్లు మూసి నీళ్ళు నిలబెడతారు, యంత్రం తిప్పగానే ఆ నీళ్ళన్నీ ఒక్కపెట్టున కిందికి వస్తాయి. అప్పటిదాకా మోకాలి లోతున నిలబడి బట్టలుతుక్కునే మనిషికి చూస్తుండగానే రొమ్ముల దాకా వచ్చేస్తాయి. అందుకని నీళ్ళు వదిలే ముందు సైరన్ మోగించాలని, గట్టు వెంట ఒక మనిషి హెచ్చరిస్తూ నడవాలని ప్రభుత్వ కార్యాలయం నిబంధన పెట్టింది. సైరన్ కొనేదాకా నలుగురూ బాగానే కలిశారు. దానికి స్తంభం, తీగ, మోగించే మనిషికి జీతం అనేసరికి పేచీ మొదలైంది.

అన్నిటికన్నా ఎగువన ఉన్న పెద్ద కేంద్రం మా సంఘం అధ్యక్షుడిది. కోస్తా నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో మేడ కట్టుకున్న పెద్దమనిషి. ఆయన అందరూ సమానంగా పెట్టుకోవాలనేవాడు. ఆయనకు కింద ఉన్న కేంద్రం మా జిల్లావాడే అయిన ఒక రైసు మిల్లు యజమానిది. ఆయన మాత్రం ఎవరెంత కరెంటు తీస్తే అంత వాటా అనేవాడు. "నీళ్ళిడిసేది మీరు, మోగేది మీ కాడ, పైసలు నేనియ్యాల్నా?" అని బల్ల గుద్దేవాడు. మిగిలిన ఇద్దరూ ఆ పూట ఎవరి మాట చవకగా వస్తే అటు తల ఊపేవారు. ఆ సైరన్ మాత్రం ఆఫీసులో బల్ల కింద పడి ఉండేది. దాని మీద కాళ్ళు చాపుకుని దాని గురించే వాదించుకునేవారు, సిగ్గు లేకుండా.

ఉద్యమం వేడెక్కాక వాళ్ళకు ఇంకో వంక దొరికింది. ఆ రోజుల్లో బందులంటే మీకు చెప్పేదేముంది, బస్సులు లేక కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు నుంచి మామిడిపండ్ల వాసన పీలుస్తూ నడిచి ఆఫీసుకు పోయేవాళ్ళం. ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెడితే మా కాలనీ ఆడవాళ్ళతో కలిసి నేనూ పోయి రోడ్డు మీద పొయ్యి రాజేశాను, కళ్ళు మండినా నవ్వుకుంటూ అన్నం వండి వచ్చేపోయేవాళ్ళకు పెట్టాం. మా ఊరి బతుకులు బాగుపడతాయన్న ఆశ అది. దాన్ని ఆ నలుగురూ సాకు చేసుకున్నారు చూడండి, అది తలుచుకుంటే ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది. రేపు రాష్ట్రం విడిపోతే కాలువ ఎవరిదో, తనిఖీ చేసేది ఎవరో, ఇప్పుడు డబ్బు పోస్తే తిరిగి ఎవరిస్తారని అధ్యక్షుడనేవాడు. "మన రాష్ట్రం రానియ్ బిడ్డా, గప్పుడు ఇంతకన్న పెద్దది పెడదాం" అని మిల్లు యజమాని నన్నే ఓదార్చేవాడు. బయట ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్ళు, పైసా తీయకూడదన్న దగ్గర మాత్రం అన్నదమ్ములయ్యారు.

నివేదికలో సైరన్ ఉందా అన్నచోట నేను 'లేదు' అనే రాసేదాన్ని. అధ్యక్షుడు కొట్టేసేవాడు. "'లేదు' అంటే నోటీసొస్తుందమ్మాయ్, 'పురోగతిలో ఉంది' అని రాసెయ్యి" అనేవాడు మెత్తగా. నేను వాదించేదాన్ని, ఆయన నవ్వి సంతకం పెట్టి తానే పంపించేవాడు. అలా ఆ సైరన్ కొన్నేళ్ళపాటు బల్ల కింద పడుకునే పురోగతి సాధించింది.

ఇంతలో రాష్ట్రం కోసం ఉద్యోగులూ కార్మికులూ అందరూ సమ్మెకు దిగారు. బొగ్గు గనులు ఆగి కరెంటుకు కరువొచ్చేసరికి మావాళ్ళ కరెంటుకు ఎక్కడలేని గిరాకీ పుట్టింది. అంతకుముందు యంత్రం తెల్లవారుజామున తిరిగేది, ఊళ్ళో వాళ్ళకు ఆ వేళ అలవాటు, నీళ్ళు తగ్గాకే రేవులో దిగేవారు. ఇప్పుడు వేళాపాళా లేకుండా తిప్పడం మొదలుపెట్టారు. ఊరికి కబురు చెయ్యండి, కనీసం డప్పు కొట్టించండి అని మీటింగులో అడిగాను. డప్పు ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలని ఎదురడిగారు. ఫోను చేసి అమ్మను హెచ్చరించాను, అమ్మ నలుగురికీ చెప్పింది కూడా. కానీ ఎప్పుడొస్తాయో తెలియని నీళ్ళకు భయపడి ఎన్నాళ్ళు బట్టలుతకకుండా ఉంటారు? బతుకమ్మ ముందు ఇంట్లో బొంతలన్నీ ఉతకడం మా ఊరి రివాజు. మా చిన్నమ్మ పట్టపగలు బొంతల మూట నెత్తిన పెట్టుకుని రేవుకు పోయింది. తడిసిన బొంత ఎంత బరువుంటుందో ఉతికినవాళ్ళకే తెలుసు. నీళ్ళు ఒక్కసారిగా వచ్చాయి, బొంత వదలలేదో, కాలే నిలదొక్కుకోలేదో, కొట్టుకుపోయింది. దిగువన మిల్లు యజమాని కేంద్రం ముందు చెత్త ఆపే ఇనుప జాలీ దగ్గర దొరికింది.

మా చిన్నమ్మకు మట్టి చేసి నేను తిరిగి వచ్చేసరికి ఆఫీసులో కొత్త పంచాయితీ నడుస్తోంది. మునిగింది నీ నీళ్ళలో అని ఒకరు, తేలింది నీ జాలీ దగ్గర అని ఒకరు. పోలీసు కేసు మాట వినపడగానే గొంతులు తగ్గాయి. మా చిన్నాయనకు ఇవ్వాల్సిన డబ్బును నలుగురూ సమానంగా పంచుకుందామన్నారు, టీ చల్లారేలోపల తేలిపోయింది. ఏళ్ళ తరబడి సైరన్‌కు కుదరని వాటా మా చిన్నమ్మ శవానికి కుదిరింది. ఆ తరువాత అధ్యక్షుడు నన్ను పిలిచి, ఈసారి నివేదికలో ప్రమాదాలు లేవని రాయమన్నాడు, జరిగింది కాలువలోనట, కేంద్రంలో కాదట. అప్పుడు నా నోటికి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను.

జరిగిందంతా నా చేత్తో రాసి, తనిఖీ కార్యాలయానికి నేనే పట్టుకుపోయాను. అధ్యక్షుడి సంతకం లేకుండా నివేదిక చెల్లదన్నారు. అయితే చనిపోయిన మనిషి అక్క కూతురి ఫిర్యాదు అనుకోండని, కింద నా పేరు, ఊరి పేరు రాసి ఇచ్చాను. నా ఉద్యోగం పోయింది గానీ తనిఖీకి మనుషులు వచ్చారు, గడువు పెట్టారు, ఆ గడువులోపలే స్తంభం లేచింది. ఎవరెంత పెట్టుకున్నారో నాకు తెలియదు.

అది మొదటిసారి మోగిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. అమ్మ ఉలిక్కిపడి చేతిలో చాట కింద పెట్టి, ఆ మోత ఆగేదాకా కాలువ దిక్కే చూస్తూ నిలబడింది. "గింత గట్టిగ మొత్తుకుంటదా ఇది? మరి ఇన్నొద్దులు ఏడ దాసిపెట్టిన్రే?" అంది.

మా ఆఫీసులో, బల్ల కింద అన్నాను.

తరువాత రాష్ట్రం వచ్చింది, ఎల్బీ నగర్‌కు మెట్రో వచ్చింది, ఆ నలుగురిలో ఇద్దరు పోయారు, అమ్మా పోయింది. నా కోపం మాత్రం పోలేదు, పోవాలని నేను కోరుకోవడమూ లేదు. సైరన్ ఇప్పుడు వేళ తప్పకుండా మోగుతోందని చెబుతారు. ఇంటింటికీ నల్లాలు వచ్చాక ఆ రేవులో బట్టలుతికేవాళ్ళే లేరు.