కూర్చున్న చోట చల్లిన పొడి

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగిన దంపతులు కాఫీకి పిలిస్తే వెళ్ళాను. హాల్లో అడుగు పెట్టీ పెట్టగానే ఘాటైన పూలవాసన ముక్కులో దూరింది. చుట్టూ చూస్తే ఒక్క పువ్వూ లేదు. ఇంటావిడ నవ్వుతూ లోపలికి వెళ్ళి, తివాచీ మీద చల్లే పొడి డబ్బా తెచ్చి చూపించింది. మీరూ ఒకటి తెప్పించుకోండి అంకుల్, ఇల్లంతా ఫ్రెష్‌గా ఉంటుంది అని సలహా ఇచ్చింది. నాకు ఒళ్ళు మండింది. దుమ్ము దులపకుండా దాని మీద ఇంకో రకం దుమ్ము పోసి, ఇక శుభ్రమైందని నమ్మమనే వస్తువు అది. కాఫీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాను. మర్యాద తెలియని ముసలాయన అనుకుని ఉంటారు. అనుకోనీ. పాపం ఆవిడ తప్పేమీ లేదు. ఆ వాసన మీద నా పగ ముప్పై ఏళ్ళ నాటిది.

తొంభైల మొదట్లో నేను తార్నాకలో మా చిన్నాయన ఇంట్లో ఉండి యూనివర్సిటీలో ఎం.ఫిల్. చేసేవాణ్ణి. మాది అనంతపురం వైపు. చిన్నాయన అదే యూనివర్సిటీలో ప్రొఫెసరు, పేరున్న హేతువాది. పెళ్ళికి ముహూర్తం అక్కర్లేదని, చావుకు దినాలు అక్కర్లేదని, కులం మనిషి కల్పించుకున్న అబద్ధమని ఆయన సభల్లో మాట్లాడుతుంటే చప్పట్లు ఆగేవి కావు. ఆ చప్పట్లలో అందరికంటే గట్టివి నావి. ప్రతి ఆదివారం పొద్దున ఆ ఇంటి హాల్లో పదిమంది విద్యార్థులం చేరేవాళ్ళం. ఒకరు వాదం పెట్టాలి, తక్కినవాళ్ళు దాన్ని చీల్చి చెండాడాలి, చివర చిన్నాయన తీర్పు చెప్పాలి. సోఫాలు గోడకు జరిపి అందరం తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఆయన మాత్రం పేము కుర్చీలో. సమానత్వానికి ఆ కుర్చీ ఒక్కటే మినహాయింపని చాటున నవ్వుకునేవాళ్ళం. మినహాయింపులు ఒకటితో ఆగవని అప్పటికి మాకు తెలియదు.

ఆ తివాచీ మా చిన్నమ్మ ప్రాణం. ఎగ్జిబిషన్‌లో కాశ్మీరు నుంచి వచ్చిన వాళ్ళ దగ్గర బేరమాడి కొన్నది, ఎర్రది, అంచుల్లో నీలం తీగలు. వానాకాలంలో మాత్రం తడిసిన గొర్రె కంపు కొట్టేది. దానికి విరుగుడుగా సికింద్రాబాద్‌లో విదేశీ సరుకులమ్మే దుకాణంలో చిన్నమ్మ ఆ పొడి డబ్బా పట్టుకొచ్చింది. మూత మీద చిల్లులు, డబ్బా మీద ఊదారంగు పూలు. పొడి చల్లి, పావుగంట ఆగి, యంత్రంతో పీల్చేయాలని దాని మీద రాసి ఉంది. పీల్చే యంత్రం ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే లేదు. అడిక్‌మెట్ నుంచి వచ్చే పనిమనిషి చీపురుతో ఊడ్చేది. సగం పొడి తివాచీ పోగుల్లో దిగిపోయేది, సగం గాల్లోకి లేచి చిన్నాయన పుస్తకాల మీద వాలేది. హేతువు గొప్పదనం గురించి ఆయన గొంతెత్తేలోగా తుమ్ము వచ్చేది. సభ చివర వచ్చింది ఒంటి తుమ్ము అయితే, బయటికి పోబోతున్న వాళ్ళను ఆపి కాసేపు కూర్చుని పొమ్మనేది చిన్నమ్మ. హేతువాద సభ ముగిశాక అందరం శకునం మళ్ళేదాకా బుద్ధిగా కూర్చునేవాళ్ళం. ఇదీ ఆ ఇంటి హేతువాదం.

ఆ పదిమందిలో ఒకడు నాకు ప్రాణ స్నేహితుడు. ఎం.ఏ.లో నా పక్కన కూర్చున్నవాడు. ప్రకాశం జిల్లా నుంచి వచ్చాడు. వాళ్ళమ్మ మిషన్ బడిలో టీచరు. మా అందరిలో దేవుణ్ణి నమ్మేవాడు వాడొక్కడే, టైముకు వచ్చేవాడూ వాడొక్కడే. పొద్దుటి ఆరాధన ముగించుకుని చర్చి నుంచి నేరుగా వచ్చేవాడు. నాస్తికులు పక్క మీద నుంచి లేచి రావడానికి ఆలస్యమెందుకవుతుందిరా అని నన్ను ఏడిపించేవాడు. వాదంలో వాడికి ఎదురు లేదు. చిన్నాయనే స్వయంగా, నా దగ్గర పీహెచ్‌డీ చెయ్యి, నేను గైడుగా ఉంటానని మాటిచ్చాడు. వాడికి అంతకన్నా కావలసింది లేదు. ఫారం మీద ఆయన సంతకం పడాలి, గడువులోగా ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే ఆ ఏడాది పోయినట్టే. ఇంటి దగ్గర చెల్లెలి చదువు ఆపి వీణ్ణి చదివిస్తున్నారు. ఏడాది పోవడమంటే ఏమిటో వాడికి తెలుసు.

పొడి సంగతి మొదట కనిపెట్టింది నేను కాదు, పనిమనిషి. ఒక సోమవారం ఊడుస్తూ దగ్గి దగ్గి నడుం పట్టుకుని లేచి నాతో అంది: "గీ పొడి ఏందో గానీ సారూ, ఇల్లంత ఇడిసిపెట్టి అమ్మ ప్రతి ఐతారం గాడనే చల్లుతున్నది. గాడ ఏమున్నది?" నేను చూశాను. పుస్తకాల బీరువా పక్కన, గోడకు ఆనుకుని, ఒక మనిషి బాసింపట్టు వేసుకుంటే పట్టేంత జాగా. అక్కడ పోగుల మొదళ్ళు తెల్లబడి ఉన్నాయి. అది నా స్నేహితుడు ప్రతివారం కూర్చునే చోటు.

మా నాయన తల్లిని మేము జేజి అనేవాళ్ళం. మాల మాదిగలు వాకిట్లో నిలబడి వెళితే, వాళ్ళు ఇంకా వీధి మలుపు తిరగకముందే చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి చల్లేది. అది దుర్మార్గం. కానీ పట్టపగలు, అందరూ చూస్తుండగా చేసే దుర్మార్గం. దాన్ని పట్టుకుని నిలదీయొచ్చు. చిన్నమ్మ కాలానికి అదే చెయ్యి, అదే విసురు. చెంబు స్థానంలో డబ్బా వచ్చింది, పసుపునీళ్ళ స్థానంలో ఊదా పూల వాసన వచ్చింది. ఎవరైనా అడిగితే శుభ్రత అనొచ్చు. నాకు అర్థమైంది. అర్థమయ్యాక ఏం చేశానయ్యా అంటే, ఏమీ చెయ్యలేదు. మూడు ఆదివారాలు చూస్తూ ఊరుకున్నాను. వాడి ఫారం మీద సంతకం పడేదాకా ఆగుదాం, గొడవైతే వాడికే నష్టం అని నాకు నేను చెప్పుకున్నాను. పిరికితనాన్ని కారణం అడిగితే ఎప్పుడూ ఎదుటివాడి మేలే చెబుతుంది.

నాలుగో ఆదివారం సభ ముగిసి అందరూ వెళ్ళారు. వాడు ఫారం బీరువా మీద పెట్టి, సార్ తీరిగ్గా సంతకం చేస్తారు, రేపు తీసుకుంటానని వెళ్ళాడు. తార్నాక చౌరస్తా దాకా పోయాక ఫొటోలు అంటించలేదని గుర్తొచ్చి తిరిగి వచ్చాడు. తలుపు తీసే ఉంది. చిన్నమ్మ బీరువా పక్కన వంగి డబ్బా విదిలిస్తోంది. చిన్నాయన పేము కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. నేను కప్పులు ఎత్తుతున్నాను. వాడు గుమ్మంలో నిలబడి ఆ తెల్లటి చదరాన్ని చూశాడు. చిన్నమ్మ నిటారుగా లేచి, కార్పెట్టు వాసన వస్తాందప్పా అంది.

"వాసన నేను కూర్చున్న చోటే వస్తందామ్మా?" అన్నాడు వాడు. గొంతు పెంచలేదు.

చిన్నాయన పేపరు దించి, నా వైపు తిరిగి, నువ్వు చెప్పప్పా అన్నాడు. సభలో పది మంది వాదాలు చీల్చి చెండాడిన నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "చీమలురా. అక్కడ చీమలు పట్టినాయి."

వాడు చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. చిన్నమ్మ చేతిలోంచి డబ్బా మర్యాదగా, రెండు చేతులతో అందుకున్నాడు. బీరువా దగ్గర నుంచి మొదలుపెట్టి వరసగా చల్లుకుంటూ వచ్చాడు. నేను కూర్చునే చోట చల్లాడు, తక్కినవాళ్ళు కూర్చునే చోట చల్లాడు, పేము కుర్చీ చుట్టూ చల్లాడు. చిన్నాయన కాళ్ళు పైకెత్తి కూర్చున్నాడు. పెద్ద ప్రొఫెసరు, చీపురొస్తే కాళ్ళెత్తే పిల్లాడిలా. ఎర్ర తివాచీ మొత్తం తెల్లబడింది. గాలి ఆడలేదు. నలుగురం దగ్గుతున్నాం. డబ్బా ఖాళీ అయ్యాక మూత బిగించి చిన్నమ్మకు తిరిగిచ్చాడు.

చిన్నాయన అప్పుడు గొంతు సవరించుకున్నాడు. "ఆడోళ్ళ చాదస్తమప్పా ఇది. దీన్ని మనసులో పెట్టుకుంటే ఎట్ల? ఫారం ఇట్లా తే, ఇప్పుడే సంతకం చేస్తా."

కలం మూత తీశాడు కూడా. ఒక్క గీత గీస్తే వాడి ఏడాది నిలబడుతుంది. వాడు బీరువా మీది ఫారం తీసుకున్నాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఆవిడ చల్లుతుంటే మీరు ఇక్కడే కూర్చున్నారు కదండీ సార్," అన్నాడు. వెళ్ళిపోయాడు.

గడువు దాటింది. వాడు ఆ ఏడాదంతా విద్యానగర్‌లో ఒక బడిలో పాఠాలు చెప్పుకుని, మరుసటి ఏడు వేరే గైడు దగ్గర చేరాడు. చిన్నాయన తర్వాత కూడా సభల్లో కులం అబద్ధమనే చెప్పాడు, చప్పట్లూ మోగాయి. నన్ను నేను ఇంతసేపు తిట్టుకుంటున్నాను కదా, ఇదీ రాయాలి: ఆ తర్వాత రెండు ఆదివారాలు నేను ఆ తివాచీ మీద కూర్చున్నాను. మూడో వారం గానీ అడిక్‌మెట్‌లో గది చూసుకుని పెట్టె సర్దుకోలేదు.

వాడు నాతో మాట మానలేదు. క్యాంపస్‌లో కనబడితే టీ తాగించేవాడు, చర్చి పాస్టరు మీద జోకులు చెప్పేవాడు. చాలా నెలల తర్వాత లైబ్రరీ మెట్ల మీద టీ తాగుతూ, ఉండబట్టలేక ఆ రోజు సంగతి ఎత్తాను. మా చిన్నాయన అట్లాంటివాడని నాకు అంతకుముందు తెలియదని మొదలుపెట్టాను. వాడు మధ్యలోనే ఆపాడు.

"మీ చిన్నాయన్ని వదిలెయ్యరా. ఆ రోజు నేను ఆయన వంక చూళ్ళేదు. నువ్వేమంటావోనని నీ వంకే చూశాను."

తర్వాత ఇద్దరం గ్లాసులు పక్కన పెట్టి ఎవరి పుస్తకాల దగ్గరికి వాళ్ళం వెళ్ళాం. ఆ మాటకు జవాబు నేను ఎన్ని వ్యాసాల్లో రాశానో లెక్కలేదు. ఆవేశంగా రాశాను, బాగా రాశానని నలుగురూ అన్నారు. ఏదీ జవాబు కాలేదు. కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయని పెద్దలంటారు. కాలానికి గడవడం ఒక్కటే తెలుసు. నోరు విప్పి నిజం చెప్పవలసిన ఆ అర నిమిషం మాత్రం ఎక్కడికీ గడిచిపోలేదు.