పద్దులు నేర్చిన పంతులమ్మ

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న కాలమది. ఊరి ఆడపిల్లల బడికి మాత్రం గోడ లేదు. బడి ముందునుంచే బండ్ల బాట. ఇటుకల బండ్లు, సున్నం బండ్లు, వాటి వెంట కొత్తగా వచ్చిన కూలీలు. పోయేవాళ్లంతా లోపలికి తొంగిచూసేవారు. పిల్ల కాస్త ఎదిగిందంటే తల్లి వచ్చి చెయ్యి పట్టుకొని తీసుకుపోయేది. మూడో తరగతి దాటిన పిల్ల ఆ బడిలో లేదు.

పెద్ద పంతులమ్మకు బదిలీ అయి ఆ కుర్చీ గోదావరి అనే పంతులమ్మకు వచ్చింది. నిజామాబాదులో మగ్గం నేసే ఇంటి పిల్ల, మిడిల్ పరీక్ష పాసైంది. భర్త ఆత్మారాం బోధన్ బజారులో బట్టలు కుట్టేవాడు. పాఠం చెప్పడంలో ఆమెకు తిరుగులేదు గానీ, కుర్చీతోపాటు వచ్చిన సర్కారు లెక్కలు చూస్తే గుండె జారింది. అన్నీ ఉర్దూలో. సర్కారు సంవత్సరం వేరు, నెలల పేర్లు వేరు. ఆమె పంపిన మొదటి లెక్క ఎర్రసిరా గీతలతో వాపసు వచ్చింది. సుద్దముక్కల ఖర్చు జీతాల కింద రాసిందట.

ఒకనాడు ఈరవ్వ వచ్చింది. ఫ్యాక్టరీ పనిలో సున్నం తట్టలు మోసే మనిషి. ఆమె బిడ్డ సాయవ్వ మూడో తరగతి.

"రేపటిసంది పిల్ల రాదు పంతులమ్మా."

"ఎందుకు ఈరవ్వక్కా? మంచిగ సదువుతున్నది గదా."

"బాట మీద పొయ్యేటోళ్లందరు సూస్తుండ్రు. గోడకు సర్కారు పైసలిచ్చిందంటరు. గవి ఎవ్వరు మింగిండ్రు?"

గోదావరి ముఖం చిన్నబోయింది. తన బడి సంగతి తనకే తెలియదు. "నాకు ఎరుక లేదక్కా. అరుసుకొని చెప్త. గప్పటిదాక పిల్లను పంపు" అని మాత్రం అంది.

వెనక గల్లీలో దస్తగీర్ సాహెబ్ ఉండేవాడు. ఖజానాలో లెక్కలు రాసి రాసి పింఛనుకు వచ్చిన ముసలాయన. గోదావరి ఆయన భార్య పక్కన పీటేసుకొని కూర్చొని, గోడ సొమ్ము ఏమైందని అడిగింది. ఆయన నవ్వాడు.

"ఎవ్వరు మింగలేదు బేటీ. మంజూరైన సొమ్ము సంవత్సరం లోపల ఖర్చు కాకుంటే తానే వాపసు పోతది. సర్కారు ఏడాదికి ఆఖరిది ఆబాన్ నెల. అది ఎల్లిపోతే ఖజానా తలుపు మూసినట్టే. రెండేండ్లు గట్లనే పోయింది."

"మల్ల వస్తదా?"

"వస్తది. పట్టుకునుడు తెల్వాలె."

"అయితే నాకు నేర్పుండ్రి."

బడి వదలగానే రోజూ ఆ వాకిట్లోనే చదువు. "ఏ పద్దుది గా పద్దులనే ఉండాలె" అనేవాడు సాహెబ్. "జీతాల సొమ్ముతోని సుద్ద కొంటే సుద్ద తెల్లగనే ఉంటది, నీ చెయ్యే నల్లగైతది. ఇది ఇంటి లెక్క కాదు. నీ ఇంట్ల ఖర్చు నీకు తెలిస్తే సాలు. సర్కారు ఖర్చు సూడనోనికి గూడ తెల్వాలె. హైదరాబాదుల కూసున్నోనికి నీ గోడ కండ్లకు కట్టాలె."

మొదట్లో తల తిరిగింది. తర్వాత, చిన్నప్పుడు అక్షరాలు కూడి మాటైనప్పటి సంబురమే మళ్లీ కలిగింది. ఉల్లిగడ్డలు తెచ్చిన ఆత్మారాం, "ఇవి ఏ పద్దు కింద పెట్టాలె పంతులమ్మా?" అని ఆటపట్టించేవాడు.

ఎండకాలంలో మంజూరు మళ్లీ వచ్చింది. సొమ్ముంది, పనివాళ్లు లేరు. ఊళ్లో తాపీ పట్టిన ప్రతి చెయ్యీ ఫ్యాక్టరీలోనే ఉంది. ఈరవ్వ పెనిమిటి నర్సన్న కూడా మేస్త్రీయే. అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఈరవ్వ ఊరుకోలేదు.

"శుక్కురారం సెలవే గదా. కల్లు దుకాణంల కూసునుడుకు బదులు బడికాడ కూసో. నీ బిడ్డ సదివే బడి!"

నర్సన్న నవ్వి, తోటివాళ్లను వెంటబెట్టుకొని వచ్చాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం గోదావరి ఎవరి కూలి వాళ్లకిచ్చి, తాను రాసింది తెలుగులో చదివి వినిపించి, ఆ తర్వాతే వేలిముద్ర వేయించుకునేది. "ఏలు పెట్టే ముందు సదివి చెప్పినోళ్లను ఇప్పుడే సూస్తున్న" అన్నాడు నర్సన్న.

రాళ్ల బండ్లు లోపలికి రావాలి గనుక ముందువైపు వదిలి మూడు వైపులా గోడ లేపారు. అంతలో వానలు పట్టుకున్నాయి. పని ఆగింది. ఆబాన్ దగ్గరపడింది.

తాలూకా కచేరీ గుమాస్తా లింబయ్య మంచికే చెప్పాడు. "అమ్మా, గోడ మొత్తం అయిపోయిందని రాయి. సొమ్ము తెచ్చి పెట్టెల పెట్టుకో. వానలు ఎలిసినంక కట్టియ్యి. అందరు జేసేదే."

గోదావరి మనసు ఊగింది. మిగిలింది బాటవైపు గోడ. అది లేకుంటే మిగతా మూడూ ఉండి ఏం లాభం? సాహెబ్‌ను అడిగితే, "నేర్పుడు నా పని. దస్తఖత్తు నీది" అని ఊరుకున్నాడు.

ఆమె ఉన్నదున్నట్టే రాసింది. మూడు వైపులు అయ్యాయి, నాలుగోది కాలేదు, ఎందుకు కాలేదంటే ఇందుకు, మిగిలిన సొమ్ము కొత్త సంవత్సరంలో మళ్లీ ఇప్పించాలి. లింబయ్య పెదవి విరిచాడు. "ఇగ పోయినట్టే" అన్నాడు.

ఆ తర్వాతి రోజులు ఆమెకు ముళ్ల మీద కూర్చున్నట్టే గడిచాయి. పిల్లల తల్లులు ఎదురుపడితే తలదించుకొని పోయేది.

చలి మొదలయ్యాక నిజామాబాదు నుంచి తాలీమాతు అధికారి, అంటే బడుల మీది పెద్ద అధికారి, స్వయంగా దిగాడు. గోదావరి పంపిన లెక్క చేతిలో పట్టుకొని, లింబయ్యతో టేపు పట్టించి గోడ పొడుగూ ఎత్తూ కొలిపించాడు. చివరికి ఆమె వైపు తిరిగాడు.

"ఇది ఎవరు రాసిండ్రు?"

"నేనే సాబ్" అంది గోదావరి.

"ఈ జిల్లాల కాని గోడను కాలేదని రాసిన కాగజు నాకు ఇదే ముందుగాల వచ్చింది. కొత్త ఏడాది మంజూరుల మీ బడే మొదలు."

ఆ మాట ఆయన నోట ఉండగానే లింబయ్య, "నేను గట్ల రాయొద్దంటె గూడ ఇనలేదు సాబ్ ఈమె!" అని అందరికంటే గట్టిగా నవ్వాడు. గోదావరి కొంగుతో కండ్లు ఒత్తుకుంది.

బాటవైపు గోడ లేచింది, తలుపు పెట్టారు. బడిలో నాలుగో తరగతి తెరిచారు. ముందు బెంచీలో సాయవ్వ. ఇళ్లకు పోయిన పిల్లలు ఒకరి వెనక ఒకరు తిరిగొచ్చారు.

మరుసటేడు వర్ని నుంచి, మోస్రా నుంచి పంతుళ్లు బండ్లు కట్టుకొని సెలవురోజుల్లో బోధన్ రాసాగారు. లెక్కలు నేర్చుకోవడానికి. గోదావరి బడి వాకిట్లో చాపలు పరిపించి తెలుగులోనే విప్పి చెప్పేది. దస్తగీర్ సాహెబ్ కర్ర ఊతంగా వచ్చి నీడపట్టున కూర్చునేవాడు. ఒకసారి వర్ని పంతులు వెనక్కి తిరిగి ఆయన్నే ఏదో సందేహం అడిగాడు.

"నన్ను అడుగుతవేంది?" అన్నాడు సాహెబ్, కర్రతో ముందుకు చూపిస్తూ. "మీ ఉస్తాద్ గక్కడున్నది."